ఈతగాడి పాఠాలు, బైండరు పాట్లు

3, సోమవారం. పొద్దున 5:10

లేచాను! అరవై ఆరేళ్ళ వయసులో, ఎవరూ లేపకుండా!

కారణం ఒక పుస్తకం. లైబ్రరీ మేడమ్ అరవై కాపీలు బైండు చేయమని పంపింది. యాభై ఎనిమిదో ఏట ఈత మొదలుపెట్టి సముద్రాలు దాటిన ఒక పెద్దాయన ఆత్మకథ. పోయిన వారం ముందుగా ఒక కాపీ నాకోసం కుట్టుకున్నాను. ప్రెస్సువాళ్ళు ఎప్పుడూ అయిదు సెట్లు ఎక్కువే పంపుతారు, అది దొంగతనం కిందికి రాదు. కుడుతూ చదివాను, చదువుతూ కుట్టాను. నా చదువంతా ఇలాగే సాగింది. బడికి వెళ్ళింది మూడేళ్ళు, మిగతాదంతా దబ్బనం చెప్పిన చదువే. వైద్యగ్రంథం రెండో సంపుటం కుట్టింది నేనే. మొదటిది ఎవరు కుట్టారో తెలియదు. అందుకే నాకు మందులన్నీ తెలుసు, రోగాలు తెలియవు.

సరే, అసలు సంగతికి వస్తాను. పుస్తకం చివర ఈతగాడు తన జీవితసారం రాశాడు. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

1. సూర్యుడికంటే ముందు లే.
2. చన్నీళ్ళకు భయపడకు.
3. రోజుకొక కొత్త పని చెయ్యి.
4. సణగకు.
5. అక్కర్లేనిదానికి 'వద్దు' అను.
6. నొప్పి ఉందని పని ఆపకు.
7. ఎదుటివాడికి మొహంమీదే నిజం చెప్పు.

కింద ఒకే వాక్యం: "ఇవే నేను నమ్ముకున్న ఏడు పాఠాలు." అంతే. పుస్తకం అయిపోయింది. ఎంత బాగా ముగించాడు! ఒక్క మాట ఎక్కువ లేదు.

ముప్ఫై రోజులు ఏడూ పాటిస్తాను. సంతకం పెడుతున్నాను.

5:40. చన్నీళ్ళు పోసుకున్నాను. అరిచాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ, జారిపడ్డారా?"

"లేదు. రెండో పాఠం."

"ఇంకా ఎన్నున్నాయి?"

"అయిదు."

"అయితే తలుపు గడియ పెట్టుకోకండి" అని వెళ్ళిపోయింది.

4, మంగళవారం. 5:25

పావుగంట ఆలస్యం. తప్పు నాది కాదు, సూర్యుడు తొందరపడ్డాడు.

చన్నీళ్ళు: అయ్యింది. ఈసారి అరవలేదు, మూలిగాను.

కొత్త పని: ఎడమచేత్తో టీ తాగాను. చొక్కా కూడా తాగింది.

షాపులో నడుం నొప్పి. ఆరో పాఠం ప్రకారం పని ఆపలేదు. స్టూలుమీద ఎత్తుకోసం ఒక కాగితాల కట్ట వేసుకుని కూర్చుంటే హాయిగా ఉంది. ఇవాళ ఎనిమిది పుస్తకాలు కుట్టాను.

మా బామ్మర్ది నన్ను వింతగా చూస్తున్నాడు. వాడి గురించి రాయాలి. మా ఆవిడ తమ్ముడు. ముప్ఫై నాలుగేళ్ళుగా షాపులో నేను కుట్టు, వాడు కోత. నేను కుట్టిన పుస్తకాల్లో ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, జిగురు ఆరాక మిషనుమీద మూడు వైపులా అంచులు కోస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకటే టీ ఫ్లాస్కు. వాడికి చక్కెర ఎక్కువ కావాలి, నాకు వద్దు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇద్దరం నచ్చని టీ తాగుతున్నాం.

6, గురువారం. 6:50

లేచాను. ఎండ వచ్చింది కానీ మబ్బు పట్టింది కాబట్టి సూర్యుడు లేచినట్టు లెక్క కాదు.

చన్నీళ్ళు: గోరువెచ్చగా. చన్నీళ్ళ తమ్ముడే కదా.

సణుగుడు: పొద్దున్నే రెండు. మూడోది దగ్గుగా మార్చేశాను.

ఆరు పాఠాలు ఇలా జారుతుంటే, కనీసం ఏడోది నిలబెట్టాలనిపించింది.

11:30. నిలబెట్టాను.

బామ్మర్ది పాత రిజిస్టర్లు కోస్తున్నాడు. నేను దబ్బనం కింద పెట్టి, గొంతు సవరించుకుని అన్నాను:

"ఒరేయ్, నీ కోత వంకర."

"ఏ పుస్తకం బావా?"

"అన్నీ. పదకొండేళ్ళుగా. నువ్వు భోజనానికి వెళ్ళాక నేను ఒక్కోటీ చేతికత్తితో సరిచేస్తున్నాను."

వాడు నవ్వేస్తాడని నేను, నేను నవ్వేస్తానని వాడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తరవాత వాడు ఏప్రన్ విప్పి మడతపెట్టాడు. ఆ మడత మాత్రం చాలా నిలువుగా ఉంది.

"ఇప్పుడెందుకు చెప్పావు బావా?"

"ఏడో పాఠం."

"అయితే ఎనిమిదోది నేను చెప్తాను. నీ మిషను నువ్వే తొక్కుకో."

వెళ్ళిపోయాడు. పర్వాలేదు. నిజం మొదట చేదుగా ఉంటుంది. సాయంత్రానికి వస్తాడు.

రాత్రి 8:00. రాలేదు.

8, శనివారం. (టైము చూడలేదు)

ఈతగాడు ఉద్యోగం వదిలేసినప్పుడు చుట్టాలంతా మాట్లాడటం మానేశారట. గొప్పవాళ్ళందరికీ ఇంతే.

మా ఆవిడకు విషయం తెలిసింది.

"మా తమ్ముడిని ఏమన్నారు?"

"నిజం అన్నాను."

"నేను మీకు ముప్ఫై ఏడేళ్ళుగా ఎన్ని నిజాలు చెప్పకుండా దాచుకున్నానో తెలుసా?"

"ఒకటి చెప్పు చూద్దాం."

"మీరు పాడేటప్పుడు పక్కింటివాళ్ళు కిటికీ మూసేసేవాళ్ళు. మా తమ్ముడే వాళ్ళని బతిమాలి తెరిపించాడు, మీరు బాధపడతారని."

నేను ఇంకొకటి అడగలేదు. అయిదో పాఠం: అక్కర్లేనిదానికి వద్దు అనాలి.

10, సోమవారం

చన్నీళ్ళు: మొహానికి మాత్రమే.

అరవై కాపీలు పదిహేనో తేదీ శనివారానికి ఇవ్వాలి. కుట్టు దాదాపు అయ్యింది. కోసేవాడు లేడు.

పదకొండు గంటలకు ఫ్లాస్కు తెరిచాను. చక్కెర లేకుండా, సరిగ్గా నాకు కావలసినట్టు ఉంది. తాగలేకపోయాను. ఇది సణుగుడు కాదు, నమోదు.

వాడి ఇంటికి వెళ్ళాలా? తప్పు నాది కాదు. నిజం నాది. నిజానికి క్షమాపణ ఏమిటి? అలా అని పుస్తకంలో ఎక్కడా లేదు, మళ్ళీ చూశాను.

12, బుధవారం. మధ్యాహ్నం 12:15

రెండు పుస్తకాల వీపులకు, కుట్టు ఉన్న వైపు, జిగురు వేసి, ఆరాక మొదటిసారి మిషనుమీద నేనే కోద్దామనుకున్నాను. ఒకటి మెట్లమెట్లుగా వచ్చింది. రెండోదానికి పేజీ నంబర్లు తెగిపోయాయి. బామ్మర్దిది వంకర కోత అన్నాను కదా, నాది కోత కాదు, కొరుకుడు.

1:00. మా ఆవిడ క్యారియర్ తెచ్చింది.

"లేవండి, కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, నేను కూర్చుంటాను" అంది. లేచాను. స్టూలుమీది కట్ట చూసింది. "ఇదేమిటి? పరుపా?"

"కాగితాలు. ఎత్తుకోసం."

"అచ్చు కనిపిస్తోంది."

చూశాను. కట్ట విప్పాను.

పదమూడో ఫారం! పుస్తకంలో ఆఖరి పదహారు పేజీలు! ఆ చిన్న కట్ట విడిగా వచ్చింది. నేనే స్టూలుమీద వేసుకున్నాను. ఎనిమిది రోజులుగా దానిమీదే కూర్చుని, అది లేకుండానే అరవై పుస్తకాలూ కుట్టేశాను! నా సొంత కాపీలోనూ లేదు. ఫారాలు లెక్కపెట్టేవాడు ఇంట్లో కూర్చున్నాడు. ఎవరు పట్టుకుంటారు?

1:20. నిలబడే చదివాను. మొదటి పేజీ, మొదటి వాక్యం: "వీటిని నమ్మి నేను ఎలా మునిగానో ఇప్పుడు చెబుతాను."

వామ్మో!

ఆ పెద్దాయన ఏడో పాఠం పాటించి, నడిసముద్రంలో, తనకు దారి చూపే పడవవాడితో "నీకు తెడ్డు వేయడం రాదు" అన్నాడట. పడవవాడు ఒకసారి చూసి, పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడట. రాత్రంతా ఒంటరిగా నీళ్ళలో. చివరికి చేపలవాళ్ళు వలేసి లాగారు. కింద రాశాడు: "నిజం చెప్పేముందు ఒడ్డు ఎంత దూరమో చూసుకోండి."

మా ఆవిడ భుజంమీదుగా చదివింది. మామూలుగా అయితే నవ్వేది. నవ్వలేదు.

"ఎంత దూరముందండీ?" అంది.

"రెండు వీధులు."

"మరి?"

సాయంత్రం 5:30. వెళ్ళాను.

వాడి వరండాలో నేలంతా పాత పేపర్లు. చిన్న కట్టరు, ఇనుప స్కేలు. ముక్కలుముక్కలుగా కోసి ఒకదానిపక్కన ఒకటి పేరుస్తున్నాడు. ఆరు రోజులుగా అదే పని చేస్తున్నాడని వాడి భార్య చెప్పింది. అన్నం దగ్గర కూడా ప్లేటు తిప్పి తిప్పి అంచు చూస్తున్నాడట.

వాడు తల ఎత్తలేదు. "నువ్వన్నది నిజమే బావా. ఒక్కటీ నిలువుగా రావటం లేదు. ఇన్నేళ్ళు నాకు తెలియలేదు. జనం నవ్వుకునే ఉంటారు. నేనింక షాపుకి రాను."

ఇంటినుంచి ఒక ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాను. దానిలో 'కానీ' అన్న మాట నాలుగుసార్లు ఉంది. దాన్ని మింగేశాను.

"ఒరేయ్, అరవై కాపీల్లోనూ ఆఖరి ఫారం కుట్టలేదు."

చేతిలో కట్టరు ఆగింది. "ఎన్నింటిలో?"

"అరవై."

"ఆ ఫారం ఎక్కడుంది?"

"నా కింద."

వాడి పెదవులు వణికాయి. ఏడుస్తాడేమో అనుకున్నాను. కాదు. కడుపు పట్టుకుని పేపర్లమీద దొర్లాడు. లోపల్నుంచి వాడి భార్య పరుగెత్తుకొచ్చింది. నేను అలాగే నిలబడ్డాను. ముప్ఫై నాలుగేళ్ళలో నామీద ఎవరు నవ్వినా ఇంత హాయిగా అనిపించలేదు.

నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకున్నాడు. "నేనూ ఒకటి చెప్పాలి బావా. నీ ముడులు జారిపోతాయి. నువ్వు కిళ్ళీ కొట్టుకి వెళ్ళినప్పుడల్లా నేను మళ్ళీ వేస్తున్నాను."

"ఎన్నాళ్ళుగా?"

"పదిహేనేళ్ళు."

"మరి చెప్పలేదేంరా?"

"చెప్తే కుట్టడం మానేస్తావని. ఇంకొకడు వస్తాడు. వాడు బాగా కుడతాడు. వాడితో నాకేం పని?"

కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను, పేపర్లమీదే. నేను ఇన్నాళ్ళూ వాడి వెనక ఎందుకు సరిచేశానో అప్పుడు నాకే తెలిసింది. పైకి చెప్పలేదు. "రేపు తొందరగా రా" అన్నాను.

13, గురువారం. 7:00

పాఠాలేమీ లేవు. వేన్నీళ్ళు పోసుకున్నాను. బాగా సణిగాను.

మిగతా పుస్తకాల వీపులకు ఇంకా జిగురు వేయకపోవడం మా అదృష్టం. వాడు లెక్కపెట్టి అందిస్తుంటే నేను పదమూడో ఫారం కలిపి కుట్టాను. రెండు పుస్తకాలు పాడు చేశాను కాబట్టి ఎక్కువ వచ్చిన సెట్లు పనికొచ్చాయి. ముడులు నా ఎదురుగానే మళ్ళీ వేశాడు. నేనూ వాడి ఎదురుగానే అంచులు సరిచేశాను. ఇద్దరం తల ఎత్తకుండా తిట్టుకున్నాం. మా ఆవిడ మధ్యాహ్నం వచ్చి, ఇద్దరినీ చూసి, క్యారియర్ పెట్టి వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక కూనిరాగం వినిపించింది.

15, శనివారం. సాయంత్రం 4:00

అరవై ఇచ్చేశాం. లైబ్రరీ మేడమ్ ఒకటి తీసి, అంచుమీద వేలు పెట్టి, కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. బామ్మర్ది ఊపిరి బిగబట్టాడు. నేనూ.

"చాలా శ్రద్ధగా చేశారు" అంది.

శ్రద్ధే. ఆ మాట అబద్ధం కాదు.

16, ఆదివారం. ఉదయం 10:00

సెలవే అయినా ఇద్దరం షాపుకి వెళ్ళాం. నా సొంత కాపీకి ఆఖరి ఫారం కలిపి కుట్టాను. వాడు ఎంతో జాగ్రత్తగా, నాలిక పళ్ళమధ్య పెట్టుకుని, అంచు కోశాడు. బల్లమీద నిలబెట్టాడు. పుస్తకం కొంచెం ఎడమకు ఒరిగింది.

"బావా, ఈసారి ఎలా ఉంది? నిజం చెప్పు."

చూశాను. పుస్తకం చూశాను, వాడి మొహం చూశాను, ఒడ్డు ఎటువైపుందో చూశాను.

"బల్ల వంకరరా" అన్నాను. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, వడ్రంగిని పిలవమని?"

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు.

రాత్రి 7:30. నిర్ణయం: రేపు, 17, సోమవారం, పొద్దున అయిదింటికి లేస్తాను. పాఠాలన్నీ మొదటినుంచి, ముప్ఫై రోజులు, ఒక్కటి కూడా తప్పకుండా. సంతకం పెడుతున్నాను.

ఏడోది మాత్రం బామ్మర్ది సెలవు పెట్టిన రోజుల్లో.