తల్లి క్లాసు, పిల్ల క్లాసు

పిన్నీ,

కుట్టుమిషను మూలన పెట్టి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను, తిట్టకు. క్లాసు అంటే మనం చొక్కా కోసం కత్తిరించుకునే కాగితం నమూనా, ఆబ్జెక్టు అంటే దాన్నిబట్టి కుట్టిన చొక్కా. ఇంతవరకూ ఇట్టే అర్థమైంది.

నిన్న ఇన్‌హెరిటెన్స్ చెప్పారు. తల్లి క్లాసులో ఉన్నవన్నీ పిల్ల క్లాసుకు అడక్కుండానే వచ్చేస్తాయట. వెంటనే చెయ్యెత్తాను.

"వద్దనుకుంటే ఎలా మేడమ్?" అన్నాను.

"పిల్ల క్లాసులో మార్చి రాసుకోవచ్చమ్మా, దాన్నే ఓవర్‌రైడ్ అంటారు" అని నవ్వారావిడ.

అమ్మనడిగితే కంగారుపడుతుంది. సూదిలో దారం ఎక్కించమని నిన్ను పిలవడం మొదలుపెట్టేనాటికి అమ్మకు ఎన్నేళ్లు? ముందు ఏ కన్ను మసకబారింది? ఊరికే అడుగుతున్నాలే.

జవాబు మాత్రం కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

నీ చిట్టి