అడుగు దాకా తాగిన నిమ్మగడ్డి చాయ్

అక్కా,

నిన్న ఫోన్ చేస్తే నవ్వి పెట్టేశావు. అందుకే మీ ఊరు గోపాల్‌పేటకు వస్తున్న మా పక్కింటి రేణుకమ్మ చేతికి ఈ చీటీ ఇస్తున్నాను.

మగ్గం మీద కూర్చుంటే ఎడమ చెయ్యి మొద్దుబారుతోంది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నంత బరువు. దవాఖానకు పోదామంటే నీ మరదలు నవ్వుతోంది.

"పోయిన ఉగాదికి గిట్లనే సచ్చినట్టు పండి వాడకట్టునంతా ఏడిపిస్తివి. మల్ల షురూ చేసినవా? నిమ్మగడ్డి చాయ్ తాగి పండు, నిమ్మళమైతది" అంటోంది.

అది నువ్వు పంపిన గడ్డే. తులసి, శొంఠి వేసి మరిగించి తాగితే దడ తగ్గి నిద్రపడుతుందని అమ్మ చెప్పేది, నువ్వూ చెబుతావు. బర్రెల మేత అని వెక్కిరించి, నువ్వు అటు తిరగగానే గోడ అవతల పారబోసేవాణ్ణి.

ఇప్పుడు పూటకో గ్లాసు తాగుతున్నాను, ఒక్క వంకర మాట అనకుండా. అయినా చెమటలు ఆగట్లేదు. ఒక్కణ్ణే దవాఖాన మెట్లెక్కే ధైర్యం లేదు.

నా మాట నమ్మొద్దు. గ్లాసు అడుగు దాకా తాగుతున్నానో లేదో ఫోన్ చేసి నీ మరదల్నే అడుగు. అవునంటే బావను వెంటబెట్టుకుని ఇవ్వాళే గద్వాలకు రా.

నీ తమ్ముడు