కరగని జున్నుపాల గడ్డ

అవ్వా,

నీ సంవత్సరీకానికని ఆత్మకూరులో తమ్ముడింటికి వచ్చినాను. ఇల్లంతా ఒకటే నీచు కంపు.

పోయినేడు బర్రె ఈనినప్పుడు నువ్వే జున్నుపాలు పిండి, ఐస్‌క్రీం డబ్బాలో పోసి, "ఇది నా మనవరాలిది, ఎవురూ ముట్టబాకండి" అని వీళ్ల ఫ్రీజర్లో పెట్టించినావంట. నేను వచ్చేలోపే నువ్వు పోయినావు. డబ్బా అట్నే ఉండిపోయింది.

ఈరోజు జున్ను వండుకుందామని దాన్ని బయటికి తీసినాను. తమ్ముడు గడ్డను గాజు గిన్నెలో వేసి మైక్రోవేవ్‌లో పెట్టినాడు. పవర్ తగ్గించి, మెల్లగా కరిగేటట్టు డీఫ్రాస్ట్‌లో పెట్టరా అంటే వింటేనా. "దీనికి సెన్సార్ ఉండాది అక్కా, అదే చూసుకుంటాది" అని ఏదో బటన్ నొక్కి, ఫోన్ పట్టుకుని పోయి కూర్చున్నాడు. పొయ్యి మీద జున్ను ఉంటే నువ్వు పక్కింటోళ్లు పిలిచినా లేచేదానివి కాదు.

అంచుల్లో ఆవిరి లేచేసరికి అంతా ఉడికిపోయిందనుకుని ఆ పెట్టె ఆగిపోయింది. తలుపు తీస్తే గుప్పున కంపు కొట్టింది. బెల్లం కూడా పడని పాలు విరిగి, చెప్పు అట్ట మాదిరి సాగతా ఉండాయి. చుట్టూ పసుపుపచ్చ నీళ్లు. వాడు స్పూన్‌తో పొడిచి చూసి, "పోనీలే అక్కా, బజార్లో జున్ను తెప్పిస్తా" అన్నాడు. ఆ కంపు కంటే ఆ మాటకే ఎక్కువ రోత పుట్టింది.

నడిమధ్యలో మాత్రం గుప్పెడు గడ్డ కరగకుండా మిగిలింది. దాన్ని స్టీలు గిన్నెలోకి తీసుకుని వసారాలో కూర్చున్నాను. దానంతట అది కరిగేదాకా లేవను. ఒక్కరికి సరిపోతాది. నువ్వు దాచింది ఒక్కరికే గదా.