గళ్ల గుడ్డ చుట్టిన ట్రాలీ

చెల్లికి అక్క ఆశీస్సులు. ఒంట్లో అందరికీ బాగానే ఉంది. మనసుల సంగతి కింద రాస్తున్నాను, నిదానంగా చదువు.

మొన్న సోమవారం పొద్దున నేను టీ వడకడుతున్నాను. నీ కూతురు ఫ్రిజ్ ఎదుట నిలబడి, దాన్నే జడ్జి అనుకుని, పోటీలో చెప్పాల్సింది వల్లె వేస్తోంది. తమ్ముడు లాండ్రీ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ, "ఏమే మేనేజరమ్మా, ఫ్రిజ్ మార్కులేసిందా?" అన్నాడు. మామూలుగా అయితే "నువ్వు పో మామయ్యా" అని తరిమేది. ఆ రోజు తల తిప్పేసుకుంది. వాడు వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. సంగతంతా చెప్పింది.

నేను ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఇదీ కారణం. ఒక కంపెనీ తన అసలు ఇబ్బందినే కాలేజీ జట్లకి ప్రశ్నగా ఇచ్చింది: ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఖర్చు ఎలా తగ్గించాలి? కంపెనీ పేరు మాత్రం దాచారు. గెలిచిన జట్టు చెప్పినట్టే చేస్తారట. చేత్తో బట్టలు వేరుచేసే బల్ల తీసేసి యంత్రం పెట్టాలన్నది మన పిల్ల ఆలోచనే. అలాంటి లాండ్రీలు ఊళ్లో చాలా ఉన్నాయి కదా, దానికి అనుమానం రాలేదు. ఫైనల్‌కని కంపెనీ పంపిన ఫొటోల్లో ఒక ట్రాలీ కనబడింది. పిడికి గళ్ల గుడ్డ. అది దాని చిన్నప్పటి గౌనుదే. చేతులు ఒరుసుకుపోతున్నాయని తమ్ముడు చుట్టుకున్నాడు. ఆ బల్ల దగ్గర నిలబడేది వాడే.

"ఎవరికీ చెప్పకు పెద్దమ్మా" అంది. చెప్పలేదు. ఈ వయసులో వాడికి ఇంకో పని ఎవరిస్తారు? అన్నం పెడుతూ వాడి ముఖం చూడలేకపోయాను.

పిల్ల కోసం ప్రార్థన చెయ్యమని రాశావు. చేశాను చెల్లీ. ఓడిపోవాలని చేశాను. నీ బిడ్డ ఓడాలని దేవుణ్ణి రోజూ అడిగాను.

ఈ సాయంత్రం పిల్లే వాడికి అంతా చెప్పేసింది. వాడు యూనిఫాం గుండీలు విప్పుతూ విన్నాడు.

"నన్నొక్కణ్ణి తీసెయ్యడానికి ఇంతమంది చదవాల్సొచ్చిందా!" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"రేపు ఫైనల్‌కి నేను వెళ్లను మామయ్యా."

"నువ్వు మానేస్తే ఇంకో జట్టు చెబుతుంది. వాళ్లకి నేనెవరో తెలీదు. నువ్వే చెప్పు. అక్కడ మనుషులున్నారని కూడా చెప్పు."

రేపు ముగ్గురం వెళ్లాలని అనుకున్నాం. వాడు యూనిఫాంలోనే మొదటి వరుసలో కూర్చుంటాడు. యంత్రం వస్తే ఆ బల్ల దగ్గరివాళ్లకి ఏ పని ఇవ్వాలో, పిల్ల వాడి ముఖం చూస్తూ చెప్పాలి. ఆ జవాబు ఇంకా దొరకలేదు. వంటింట్లో ఇద్దరూ వెతుకుతున్నారు.

అది గెలవాలని నువ్వు అడుగు చెల్లీ. నాకింకా నోరు రావడం లేదు.

ఇట్లు,
భయపడుతున్న మీ అక్క