‘ఉండు’ అన్న మాట గురించి

జిల్లా వైద్యాధికారి వారి సముఖమునకు, అరకు కొండమీది ఆరోగ్య కేంద్రంలో నర్సింగ్ ఆర్డర్లీగా పనిచేయు పాంగి బుధు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పాముకాటుతో మరణించిన జీవిత (19) కేసు నివేదికలో నా చేతుల గురించి వ్రాసినది సరిచేయుట.

1. సదరు జీవితను మధ్యాహ్నం కాఫీ తోట నుండి తల్లి వరమ్మ, మరో ఇద్దరు మోసుకొని వచ్చిరి. విరుగుడు ఎక్కుచుండగానే ఊపిరి ఆగినది. నాడి దొరకలేదు. నేను గుండె నొక్కుచుంటిని. సిస్టర్ నిర్మల గారు నోటిమీద రబ్బరు సంచీ నొక్కి ఊపిరి అందించుచుండిరి. డాక్టర్ ఉదయ్ గారు తలవంచి సూదికి నరం వెదుకుచుండిరి. ఎవరి పని వారు బాగానే చేసితిమి. అందరికీ పని చెప్పువారు లేరు.

2. అంతట నా వెనుక ఒక గొంతు "ఉండు" అన్నది. మా కేంద్రంలో పెద్దలు నన్ను ఆపుటకు వాడు మాట అదే. చేతులు తీసితిని. డాక్టరు గారు చెప్పినారనుకొని సిస్టరు ఆగిరి. సిస్టరు చెప్పినారనుకొని డాక్టరు గారు ఆగిరి. ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూచుకొంటిమి. ఎంతసేపో తెలియదు. మరల నొక్కితిని. లాభం లేకపోయినది.

3. ఆ మాట అన్నది వరమ్మ. కూతురి పాదం పట్టుకొని కూతురితో అన్నది. "ఉండు గుంటా, ఎల్లిపోకు." నాకు మొదటి మాటే వినబడినది. మిగతాది ఆమెతో వచ్చిన ఇద్దరు తరువాత చెప్పిరి.

4. నివేదికలో "గుండె నొక్కుట నిరంతరాయముగా జరిగినది" అని కలదు. అది అబద్ధం. ఆపకపోయినా దక్కేది కాదని డాక్టరు గారు అంటున్నారు. కావచ్చు. ఆయనకీ నిద్ర పట్టడం లేదని ఆయన కళ్లు చెబుతున్నాయి. ఇంట్లో నా భార్య రత్నాలు అన్నం వడ్డిస్తూ "ఉండు, కూర ఏత్తాను" అంటే నా చేయి కంచం మీదే ఆగిపోతోంది. నాకు భయంగా ఉంది సార్.

5. కావున నివేదిక సరిచేయించవలెను. ఇకమీదట అటువంటి వేళ ఒకరే పెద్దగా నిలబడి, పేరు పెట్టి పని చెప్పవలెననియు, విన్నవారు దానిని తిరిగి పలకవలెననియు, పేరు లేని మాటకు ఎవరూ చేయి తీయరాదనియు ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. నాకు వేయు శిక్షకు సిద్ధముగా నున్నాను.

ఇందలి ప్రతి మాటా నిజమని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాంగి బుధు

తా.క.: పంపేముందు వరమ్మ ఇంటికి వెళ్లి ఈ కాగితం చదివి వినిపించాను. మా చేతులు ఆపిన మాట తనదేనని ఆమెకు ఇవాళే తెలిసింది. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని లేచాను. "ఉండు," అంది. ఎవరితో అందోనని వెనక్కి చూశాను. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. కూర్చున్నాను.