చెప్పులోంచి తీసిన పాదం

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం ఈరోజే రాయాలి. నేను మధ్యాహ్నాలు కాపలా కూర్చునే బొమ్మల గ్యాలరీలో ఒక బొమ్మ ఉంది. ఈ నెలాఖరుకి దాని సొంతదారు దాన్ని తీసుకెళ్ళిపోతాడు. ఆలోపు నువ్వు వచ్చి చూడాలి.

అందులో ఒకావిడ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉంటుంది. అంతే. ఉద్యోగంలో చేరిన రోజు దాని ఎదురుగా కూర్చుని, ఇంట్లో రోజూ చూసిందేగా, దీనికి టిక్కెట్టు కూడానా అనుకున్నాను. గీసిన పెద్దాయన పనిచేసే మనుషుల్ని తప్ప ఇంకేమీ గీయలేదట. ఆయన పోయి చాలా కాలమైంది.

కొన్నాళ్ళకు ఆవిడ ఎడమ పాదం కనిపించింది. చెప్పులోంచి తీసి గచ్చు మీద ఆనించింది. చీలమండ కింద ఒక గీత ఉంది. రంగు జారిన మరక అనుకున్నానిన్నాళ్ళూ. అది చెప్పు పట్టీ నొక్కుకున్న గుర్తు. ఆ పాదం వాచి ఉందమ్మా! ఆవిడ దాచుకున్నదాన్ని ఆయన చూశాడు. చూసినదాన్ని చూసినట్టే గీశాడు. అప్పటినుంచి లైబ్రరీలో ఆయన బొమ్మల పుస్తకాలే తిరగేస్తున్నాను. రాత్రి కళ్ళు మూసుకున్నా ఆ మనుషులే. ఇది ఇప్పట్లో వదిలే పిచ్చి కాదు.

మన ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. చదివిన పాఠాలు నీకు చెప్పలేను. ఇది చూపించగలను. ఆదివారం రా.

నీ బుజ్జి


బుజ్జి తల్లికి,

నేను చెప్తుంటే టైలర్ బాబాయి రాస్తున్నాడు. మధ్యలో తన కవిత్వం కలపొద్దని ముందే చెప్పాను. (కలపను. ఇట్లు, బాబాయి.)

పొద్దస్తమానం లాండ్రీలో నేను ఇస్త్రీ చేసి చస్తుంటే, బస్సెక్కి వచ్చి ఇంకొకావిడ చేసేది చూడాలా? ఆవిడకి జీతమన్నా సరిగ్గా ఇస్తున్నారా? "వెళ్ళు వదినా, ఆ ఇస్త్రీపెట్టెకి కరెంటు బిల్లు రాదు" అని మీ బాబాయి ఒకటే నవ్వు.

సరేలే, వస్తాను. నువ్వు అంతగా అడిగితే కాదంటానా? కాకపోతే ఎక్కువ నడిపించకు. మెట్లుంటే నెమ్మదిగా ఎక్కుతాను, తొందరపెట్టకు. కొత్త చెప్పులు కరుస్తున్నాయి, అందుకని.

మీ అమ్మ


బుజ్జి తల్లికి,

క్షేమంగా చేరాను. బొమ్మ ముందు అంతసేపు ఏం చూశావని బస్టాండులో అడిగావు. అప్పుడే బస్సొస్తే ఎక్కేశాను. ఇప్పుడు చెప్తాను.

ఇన్నేళ్ళలో నా పని ఎప్పుడవుతుందా అని చూసినవాళ్ళే గాని, పని చేస్తున్న నన్ను చూసినవాళ్ళు లేరు. ఆయన ఆవిణ్ణి ఎంతసేపు చూసుంటాడో! నా కడుపు నిండింది తల్లీ.

పాదం నొప్పని ఆవిడ ఆయనతో చెప్పి ఉండదు. చెప్పుకునే మనిషైతే అలా దొంగచాటుగా తీసి పెట్టదు. అలాంటి కళ్ళున్నవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం కష్టమే సుమా! బాబాయి కలం ఆపి నా మొహంలోకి చూస్తున్నాడు. "రాయవయ్యా బాబూ" అంటున్నాను.

పరీక్షలయ్యేదాకా ఇటు రాకు. ఇక్కడ అంతా బాగానే ఉంది.

మీ అమ్మ


ప్రియమైన అమ్మకు,

నిన్న బొమ్మను దించేశారు. గుడ్డ చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి తీసుకెళ్ళారు. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. ఎక్కడ తగిలించినా వెతుక్కుంటూ వెళ్తాను, అది నాకు తెలుసు.

గోడ మీద వెలిసిపోని చోటు నలుచదరంగా మిగిలింది. దాన్నే చూస్తూ కూర్చుంటే ఆ ఆదివారం కళ్ళ ముందుకొచ్చింది. నువ్వు బొమ్మ ముందు నిలబడ్డావు. నేను నీ వెనక నా కుర్చీలో ఉన్నాను. ఆవిడ ముఖం చూస్తూ చూస్తూ, నీ ఎడమ పాదాన్ని చెప్పులోంచి తీసి గచ్చు మీద పెట్టావు. గీత అక్కడే ఉంది, చీలమండ కింద.

అవి కొత్త చెప్పులు కావమ్మా. రెండేళ్ళ క్రితం నేనే కొన్నాను.

బస్టాండులో అడిగింది అందుకే. నువ్వే చెప్తావేమోనని చూశాను. నువ్వు బొమ్మ సంగతి చెప్పావు. ఆయన దగ్గర నేర్చుకున్న చూపు ముందు నీ మీదే పడింది. నువ్వన్నట్టు, కష్టమే మరి.

ఆయన చూశాడు, గీశాడు. నాకు గీయడం రాదు. అందుకని ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మకు చూపించడానికి నీ పేరు రాయించాను. పద్దెనిమిదో తేదీ పొద్దున రమ్మన్నారు. నా చివరి పరీక్ష పదహారుకే అయిపోతుంది, కాబట్టి ఆ సాకు చెల్లదు. మెట్లు లేవు, వెళ్ళి చూసొచ్చాను.

టైలర్ బాబాయీ, ఈ ముక్క అమ్మకు రెండుసార్లు చదవండి. "బాగానే ఉంది" అని రాయమంటే మాత్రం రాయకండి.

అమ్మా, ఏ బస్సుకి వస్తున్నావో జవాబు పన్నెండో తేదీలోగా నాకు అందాలి.

నీ బుజ్జి