మీ ఇల్లెక్కడ?

16 నవంబరు 1964, సోమవారం

పొద్దున తలుపు తీస్తే దాని మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు! మాదొక్కటే కాదు — బొగ్గుబాయి కూలీల గదుల లైను పొడుగునా ప్రతి తలుపు మీదా. షిఫ్టుకు బయల్దేరినవాళ్లు ఎవరి తలుపు ముందు వాళ్లు ఆగి చూస్తున్నారు, ఎన్నడూ చూడనట్టు.

బాపు అప్పుడే బొగ్గుబాయి నుంచి వచ్చాడు. మొహం కూడా కడగలేదు. "లైన్లన్ని కూలగొడ్తరట. గీ జాగలనే కొత్త క్వార్టర్లు. లోపలనే నల్లా, కరెంటు బుగ్గ."

అవ్వ (బడిలోనైతే అమ్మ అని రాయాలి) చేతిలో చీపురు ఆగింది. "లోపలనే నల్లానా?" మూడుసార్లు అడిగింది. నాకూ సంతోషమే... సాయంత్రం నోటీసు అంటించే దాకా.

17, మంగళవారం

నోటీసులో ఒక మాట — శిథిలము. తెలుగు సారు నిఘంటువు ఇచ్చారు, వారం రోజులకు. శిథిలము: వదులైనది, సడలినది. పలికితే ఎంత మెత్తగా ఉంది! గోడలు ఉబ్బిన మాట నిజం. వాన పడితే గిన్నెలు పరవాల్సిందే. అయినా ఆ మాట మా ఇంటికి అతకడం లేదు.

19, గురువారం

ఆఫీసు గుమాస్తా వచ్చాడు, లావు రిజిస్టరుతో. బాపు నిద్రలో. గడపలో అవ్వ, వెనక నేను.

"మీ ఇల్లెక్కడ?"

"జమ్మికుంట, సారూ." అవ్వ తడుముకోలేదు.

పక్క తలుపులో సకూ మావశి, నా మరాఠీ పిన్ని — "చాందా దిక్కు, సాబ్." ఆ పక్కన పెద్దపల్లి. ఆ పక్కన గోరఖ్‌పూర్. అన్నీ రాసుకున్నాడు. లైను చివరి దాకా వెంట నడిచి విన్నాను. భూగోళం పాఠంలా ఎంత బాగుందో.

20, శుక్రవారం

చలి. మూడు పద్యాలు కంఠస్థం.

22, ఆదివారం

మాకూ మావశికీ మధ్య గోడలో ఒక ఇటుక ఊడి వస్తుంది. నేను పుట్టిన ఏడు తీశారట. అవ్వ బాలింత, మంచం దిగలేదు. మావశి అటునుంచి గోడ గీకి గీకి ఇటుక లాగేసి, ఆ సందులోంచి వేడి జావ అందించిందట. "నీ ఈడుదే ఆ బొక్క" అని నన్ను ఆటపట్టిస్తుంది ఇప్పటికీ.

ఆ సందులోంచి ఏమేం రాలేదు! పొయ్యిలోకి నిప్పులు, జొన్న భాకరి, చింతపండు. నాకు జ్వరం వస్తే మావశి చెయ్యి — గాజులతో సహా, మోచేతి దాకా. "అగ బాయీ! పోరి ఒళ్లు కాలుతుంది."

కొట్లాడుకుంటే ఇటుక మళ్లీ పెట్టేస్తారు. మహా అయితే నాలుగు రోజులు. ఐదోనాడు ఎవరో ఒకరు తడతారు — "మిరపకాయలున్నయా?" ఇద్దరి దగ్గరా ఉంటాయి మిరపకాయలు.

కొత్త క్వార్టర్ల గోడలు ఎంత మందమో...

24, మంగళవారం

సాయంత్రం ఆఫీసు గోడ మీద జాబితా. నన్ను ముందుకు తోశారు. "సదువు బిడ్డా, గట్టిగ."

క్వార్టర్లు వచ్చినవాళ్లలో మా లైను పేరు ఒక్కటీ లేదు. మా పేర్లన్నీ రెండో కాగితంలో. పైన — "స్వగృహములు గలవారు. గదులు ఖాళీ చేయవలెను." చదివాను, ఒత్తు ఒక్కటి జారకుండా. స్వగృహము! నోరు నిండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు.

"అంటే ఏందే?"

"సొంతిల్లు ఉన్నోళ్లని, బాపూ."

బాపు నవ్వాడు. "నాకు సొంతిల్లా? ఎవడు కట్టిచ్చిండే? జమ్మికుంటల మీ తాత దూలాలు గూడ అమ్ముకున్నడు!" అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు.

గుమాస్తా ఇల్లు అడిగాడు. మావాళ్లు ఊరు చెప్పారు. ఇక్కడ దీన్ని ఎవరూ ఇల్లనరు. "రూముకు పోతున్న" అంటారు. "ఇంటికి పోతున్న" అంటే రైలెక్కి పోవడమే.

వెనకే నిలబడ్డాను. విన్నాను. భూగోళం పాఠమట!

25, బుధవారం

రేపు పొద్దున ఆఫీసు పెద్ద సారు అర్జీలు చూస్తాడట. గుమాస్తా రిజిస్టరులో ఎవరు రాయించారో వాళ్లనే మళ్లీ అడుగుతాడట. అంటే అవ్వను. బాపుకు రేపు మొదటి షిఫ్టు.

అర్జీ నేనే రాయాలి. పొయ్యి దగ్గర కూర్చున్నాను.

"రూం అని రాయి. ఇల్లెట్లయితదే?" అంటుంది అవ్వ.

"మరి నేను యాడ పుట్టిన?"

"రూంల."

"పుట్టిల్లు అంటరు గని, పుట్టురూం అంటరా?"

నవ్వింది. తుడిచిన పొయ్యినే మళ్లీ తుడిచింది. ఆ తర్వాత, నా వైపు చూడకుండా — "ఇదే ఇల్లంటే, జమ్మికుంటల నాకేం మిగుల్తదే?"



ఏం రాయాలో తోచక ఈ పేజీలే వెనక్కి తిప్పాను. పదిహేడో తారీఖు — "మా ఇంటికి అతకడం లేదు." ఇల్లనే రాశానని రాసేటప్పుడు తెలియనే లేదు! అర్జీలో ఆ మాటతోనే మొదటి వాక్యం రాశాను. "అయ్యా, మా ఇల్లు ఇక్కడనే."

అవ్వకు వినిపించాను. ఇక నేనే పెద్ద సారును.

"మీ ఇల్లెక్కడ?"

"జమ్మి—" నాలుక కరుచుకుంది.

సందులోంచి మావశి పకపకా.

"నువ్వు చెప్పు సూద్దాం, సకూ!"

"చాం—"

ఇద్దరూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ అడిగాను. ఈసారి అవ్వ నవ్వలేదు. పొయ్యి తుడిచే గుడ్డ అందుకుంది.

రేపు సైరన్ కూయకముందే లేవాలి. ఇటుక తట్టి మావశిని లేపాలి. ఆఫీసు దాకా దారి పొడుగునా అవ్వను అడుగుతూనే ఉండాలి — మీ ఇల్లెక్కడ, మీ ఇల్లెక్కడ...